రెడ్ స్కెల్టన్

రెడ్ స్కెల్టన్ (జూలై 18, 1913 - సెప్టెంబరు 17, 1997) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ హాస్యనటుడు. ఈయన అసలు పేరు రిచర్డ్ స్కెల్టన్. ఎర్రని జుట్టు కారణంగా "రెడ్" అనే పేరు స్థిరపడింది. ఊరూరా తిరిగే మందుల ప్రదర్శనలు, సర్కస్, వాడెవిల్ రంగస్థలం, రేడియో, సినిమా, టెలివిజన్ - ఇలా ఇరవయ్యవ శతాబ్దపు వినోద మాధ్యమాలన్నింటిలోనూ ఈయన పనిచేశాడు. ఈయన పేరుతో 1951 నుండి 1971 వరకు ఇరవై సంవత్సరాలపాటు ప్రసారమైన "ద రెడ్ స్కెల్టన్ షో" అమెరికన్ టెలివిజన్ తొలి దశాబ్దాలలో దీర్ఘకాలం నడిచిన హాస్య వైవిధ్య కార్యక్రమాలలో ఒకటి. మూకాభినయంలోనూ, పలు హాస్యపాత్రల సృష్టిలోనూ ఈయన ప్రత్యేకతను సాధించాడు. తనను తాను బఫూన్‌గానే భావించుకునేవాడు. చిత్రకారుడుగా కూడా ఈయన గీసిన బొమ్మలలో అధికభాగం బఫూన్లవే.

బాల్యం

స్కెల్టన్ ఇండియానా రాష్ట్రంలో వాబాష్ నది ఒడ్డున గల విన్సెన్స్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ స్కెల్టన్ కిరాణా వ్యాపారి. అంతకు పూర్వం ఆయన హేగెన్‌బెక్-వాలెస్ సర్కస్‌లో బఫూన్‌గా పనిచేశాడు. రెడ్ పుట్టడానికి సుమారు రెండు నెలల ముందే తండ్రి మరణించాడు. తల్లి ఐడా మే నలుగురు కొడుకులను పెంచవలసి వచ్చింది. వారిలో రెడ్ అందరికన్నా చిన్నవాడు. కుటుంబం కటిక పేదరికంలో ఉండడం వలన ఏడేళ్ళ వయసు నుండే వీధులలో వార్తాపత్రికలు అమ్మి ఇంటికి ఆసరాగా నిలిచాడు.

1923లో అప్పటి ప్రఖ్యాత హాస్యనటుడు ఎడ్ విన్ ప్రదర్శన ఇవ్వడానికి విన్సెన్స్ వచ్చాడు. పత్రికలమ్ముతున్న కుర్రవాడిని చూసి, అతని వద్ద మిగిలిన పత్రికలన్నీ కొని, నాటకశాలలోకి తీసుకువెళ్ళి తెరవెనుక భాగాన్ని చూపించాడు. తెరకు ఉన్న రంధ్రం గుండా ప్రేక్షకులను చూసిన ఆ క్షణంలోనే తాను నటుడు కావాలని నిశ్చయించుకున్నానని స్కెల్టన్ తరువాతి కాలంలో చెప్పుకునేవాడు.

సంచార ప్రదర్శనలలో

ఆ రోజులలో అమెరికా గ్రామాలలో మందుల ప్రదర్శనలు సర్వసాధారణం. నాటువైద్యుడొకడు బండి కట్టుకుని ఊరూరా తిరుగుతూ, ఆటపాటలతో జనాన్ని పోగుచేసి, ఆపైన తన మందు సీసాలను అమ్ముకునేవాడు. డాక్ లూయిస్ అనే వ్యక్తి నడుపుతున్న అటువంటి ప్రదర్శనలో స్కెల్టన్ సుమారు పదేళ్ళ వయసులో చేరాడు. ఒకనాడు మందు సీసాలు తీసుకువస్తూ కాలుజారి వేదికపై నుండి కిందపడ్డాడు. సీసాలు పగిలిపోయాయి, జనం మాత్రం విరగబడి నవ్వారు. కిందపడితే నవ్వు పుడుతుందన్న సంగతి అప్పుడు గ్రహించి, ఆ పడడాన్నే ఒక విద్యగా సాధన చేశాడు. దశాబ్దాల తరువాత టెలివిజన్‌లో సైతం పడడం ఈయన హాస్యంలో ప్రధాన భాగంగా నిలిచింది. అందుకు ప్రతిఫలంగా శరీరం ఎన్నోమార్లు గాయపడింది.

ఈయన బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. నదులపై తిరిగే నాటక పడవలోనూ, తండ్రి పనిచేసిన హేగెన్‌బెక్-వాలెస్ సర్కస్‌లోనూ, బర్లెస్క్ నాటకశాలలలోనూ పనిచేశాడు.

ఎడ్నా స్టిల్‌వెల్

కాన్సాస్ సిటీలోని ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపే ఉద్యోగం చేస్తున్న ఎడ్నా స్టిల్‌వెల్‌ను స్కెల్టన్ 1931లో వివాహం చేసుకున్నాడు. అప్పటికి ఇద్దరూ ఇంకా ఇరవై ఏళ్ళు నిండనివారు. స్కెల్టన్ వృత్తిజీవితం మలుపు తిరగడానికి ఎడ్నా ముఖ్యకారకురాలు. భర్త అర్ధాంతరంగా వదిలిన పాఠశాల చదువును ఆమె దగ్గరుండి పూర్తి చేయించింది. ఒప్పందాలు కుదర్చడం, డబ్బు లెక్కలు చూడడం, హాస్య సన్నివేశాలు రాయడం, జోకులను సేకరించి వర్గీకరించి భద్రపరచడం అన్నీ ఆమె చేతిమీదుగా జరిగాయి.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఉండగా, ఒక ఫలహారశాలలో డోనట్‌ను కాఫీలో ముంచుకుని తింటున్న వ్యక్తిని ఈ దంపతులు గమనించారు. ఎవరైనా చూస్తారేమోనని అతడు పడుతున్న ఇబ్బంది నుండి ఒక మూకాభినయ సన్నివేశం తయారైంది. డోనట్లు ముంచుకునే రకరకాల మనుషులను స్కెల్టన్ ఒక్కడే అభినయించేవాడు. ఇది ఎంతో ప్రజాదరణ పొంది, వాడెవిల్ రంగంలో ఈయనను పై మెట్టుకు చేర్చింది. వాడెవిల్ అంటే పాట, నృత్యం, గారడి, హాస్యం వంటి విడివిడి అంశాలను వరుసగా ప్రదర్శించే అమెరికన్ రంగస్థల సంప్రదాయం. తరువాత వచ్చిన టెలివిజన్ వైవిధ్య కార్యక్రమాలకు ఇదే మాతృక. ప్రతి ప్రదర్శనలోనూ నిజంగానే డోనట్లు తినవలసి రావడంతో స్కెల్టన్ బరువు బాగా పెరిగి, కొంతకాలం ఆ సన్నివేశాన్ని మానుకోవలసి వచ్చింది.

రేడియో, సినిమాలు

1937లో రూడీ వాలీ కార్యక్రమం ద్వారా స్కెల్టన్ రేడియో శ్రోతలకు పరిచయమయ్యాడు. 1938లో "హావింగ్ వండర్‌ఫుల్ టైం" చిత్రంతో సినిమాలలో ప్రవేశించాడు. 1940లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థతో ఒప్పందం కుదిరింది. 1941లో విడుదలైన "విజిలింగ్ ఇన్ ద డార్క్" చిత్రంలో రేడియో అపరాధ పరిశోధకుడి పాత్ర ఈయనకు కథానాయకుడి హోదా తెచ్చిపెట్టింది. ఆ చిత్రానికి 1942లో, 1943లో రెండు కొనసాగింపు చిత్రాలు వచ్చాయి.

1941 అక్టోబరులో ఎన్‌బీసీ రేడియోలో ఈయన సొంత కార్యక్రమం మొదలైంది. స్కెల్టన్ పేరుపొందిన పాత్రలు అనేకం ఇక్కడే రూపుదిద్దుకున్నాయి. మందబుద్ధి గల పల్లెటూరి యువకుడు క్లెమ్ కడిడిల్‌హాపర్, చేతగాని షెరిఫ్ డెడ్‌ఐ, దెబ్బలు తిని మతి చలించిన ముష్టియోధుడు కాలీఫ్లవర్ మెక్‌పగ్, మోసగాడైన శాన్ ఫెర్నాండో రెడ్, తాగుబోతు విల్లీ లంప్-లంప్, పెంకి పిల్లవాడు జూనియర్ వాటిలో ముఖ్యమైనవి. తప్పని తెలిసి కూడా అల్లరి చేసి, ఆ పని చేసింది తానేనని ముద్దుమాటలతో ఒప్పుకునే జూనియర్ పలుకు దేశమంతటా ఊతపదంగా మారింది. 1943లో వచ్చిన ఒక స్కెల్టన్ చిత్రానికి ఆ ఊతపదాన్నే పేరుగా పెట్టారు.

సినిమా నిర్మాణ సంస్థలో మూకీ చిత్రాల మహానటుడు బస్టర్ కీటన్ ఆనాడు హాస్య సన్నివేశాల రచయితగా ఉద్యోగం చేస్తుండేవాడు. స్కెల్టన్ చిత్రాలకు ఆయన సహాయం అందించాడు. కీటన్ నటించిన పాత చిత్రాల కథలు కొన్ని స్కెల్టన్‌తో తిరిగి తీయబడ్డాయి. ఎస్తర్ విలియమ్స్‌తో నటించిన "బేదింగ్ బ్యూటీ" (1944), "నెప్ట్యూన్స్ డాటర్" (1949), ఇంటింటికీ తిరిగి బ్రష్షులు అమ్మే వ్యక్తిగా నటించిన "ద ఫుల్లర్ బ్రష్ మ్యాన్" (1948), పాటల రచయిత హ్యారీ రూబీ పాత్ర ధరించిన "త్రీ లిటిల్ వర్డ్స్" (1950) ఈయన చిత్రాలలో చెప్పుకోదగినవి. "జీగ్‌ఫెల్డ్ ఫోలీస్" చిత్రంలో, టెలివిజన్ వచ్చిన తరువాత వ్యాపార ప్రకటనలు ఎలా ఉంటాయో ఊహిస్తూ ఒక సన్నివేశం చేశాడు. మద్యం ప్రకటన చదువుతున్న వ్యాఖ్యాత మాటిమాటికీ ఆ మద్యాన్ని రుచి చూసి చివరకు తూలిపోవడం అందులోని హాస్యం. అప్పటికి టెలివిజన్ ఇంకా ఇళ్ళలోకి రాలేదు.

సైనిక జీవితం

1943లో స్కెల్టన్, ఎడ్నాలు విడాకులు తీసుకున్నారు. అయినప్పటికీ మరికొన్నేళ్ళపాటు ఆమె ఆయన రచయిత్రిగా, వ్యవహారకర్తగా కొనసాగింది. విడాకుల వలన వివాహితులకు ఉండే మినహాయింపు పోయి, 1944లో ఈయన సాధారణ సైనికుడిగా సైన్యంలో చేరవలసి వచ్చింది. సైనిక శిక్షణ పొందుతూనే, విశ్రాంతి వేళలలో తోటి సైనికుల కోసం విరామం లేకుండా ప్రదర్శనలు ఇచ్చాడు. 1945 మార్చిలో జార్జియా డేవిస్‌ను వివాహం చేసుకున్నాడు. ఆ తరువాత ఇటలీకి పంపబడిన ఈయన అలసట వలన నరాల బలహీనతకు లోనై ఆసుపత్రి పాలయ్యాడు. ఈ జబ్బు కారణంగా కొంతకాలం మాట తడబడింది. 1945 సెప్టెంబరులో సైన్యం నుండి విడుదలై తిరిగి రేడియోలో ప్రవేశించాడు.

జార్జియా, స్కెల్టన్ దంపతులకు 1947లో వాలెంటీనా అనే కుమార్తె, 1948లో రిచర్డ్ అనే కుమారుడు జన్మించారు.

టెలివిజన్ కార్యక్రమం

సెప్టెంబరు 30, 1951న ఎన్‌బీసీలో "ద రెడ్ స్కెల్టన్ షో" ప్రారంభమైంది. తొలి సంవత్సరంలోనే అది అత్యధిక ప్రేక్షకాదరణ గల కార్యక్రమాల సరసన చేరింది. 1952లో ఉత్తమ హాస్యనటుడిగా, ఉత్తమ హాస్య కార్యక్రమంగా రెండు ఎమ్మీ పురస్కారాలు లభించాయి. అయితే ప్రతివారం ప్రత్యక్ష ప్రసారంలో పలు వేషాలు మార్చుకుంటూ నటించడం ఈయన ఆరోగ్యంపై భారం మోపింది. ప్రేక్షకాదరణ తగ్గడంతో 1953లో ఎన్‌బీసీ ఈ కార్యక్రమాన్ని విరమించుకున్నది. అదే సంవత్సరం సీబీఎస్ సంస్థ ఈయనను తీసుకున్నది. అక్కడ 1970 వరకు కొనసాగి, మంగళవారం రాత్రుల కార్యక్రమంగా స్థిరపడింది.

కార్యక్రమానికి ఒక స్థిరమైన నిర్మాణం ఉండేది. మొదట స్కెల్టన్ ఒంటరిగా వేదికపైకి వచ్చి ప్రేక్షకులతో ముచ్చటించేవాడు. ఈ ముచ్చట్లలో గర్‌ట్రూడ్, హీత్‌క్లిఫ్ అనే రెండు సముద్రపు పక్షుల సంభాషణ తరచుగా వచ్చేది. రెండు చేతులను రెక్కలవలె చంకల కింద ముడిచి, కళ్ళు అడ్డంగా తిప్పి ఆ పక్షులుగా మారిపోయేవాడు. తరువాత అతిథి గాయకులు, నర్తకులు ఉండేవారు. ఆపైన ఏదో ఒక పాత్రతో హాస్య నాటిక నడిచేది. చివరిభాగంలో మాటలు లేని మూకాభినయ సన్నివేశం ఉండేది. ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెప్పి, దైవాశీస్సులు కోరుతూ సెలవు తీసుకోవడంతో కార్యక్రమం ముగిసేది. సంగీత దర్శకుడు డేవిడ్ రోజ్ రేడియో రోజుల నుండి ఈయనకు తోడుగా ఉన్నాడు. ఆయన స్వరపరచిన "హాలిడే ఫర్ స్ట్రింగ్స్" ఈ కార్యక్రమానికి ముఖ్య సంగీతమైంది.

టెలివిజన్ కోసం స్కెల్టన్ సృష్టించిన పాత్రలలో ఫ్రెడీ ద ఫ్రీలోడర్ ప్రధానమైనది. చిరిగిన బట్టలతో, నలిగిన టోపీతో చెత్తకుప్పల వద్ద బతికే ఈ దేశదిమ్మరి తన పేదరికాన్ని దర్జాగా అనుభవిస్తాడు. ఫ్రెడీ మాట్లాడేవాడే అయినా, మూకాభినయ సన్నివేశాలలో అతని మౌనమే ఎక్కువ ఆకట్టుకునేది. భార్య మాటకు ఎదురు చెప్పలేని జార్జ్ యాపిల్‌బీ మరొక పాత్ర.

రాసిన సంభాషణలకు కట్టుబడకుండా అప్పటికప్పుడు కల్పించి మాట్లాడడం స్కెల్టన్ అలవాటు. తోటి నటులు తికమకపడితే, అది చూసి తానే నవ్వేవాడు. తన హాస్యానికి తానే నవ్వుకుంటాడని కొందరు విమర్శకులు తప్పుపట్టారు. ప్రేక్షకులు మాత్రం దానిని ఇష్టపడ్డారు. ఈ అలవాటు వలన రచయితలతో పొరపొచ్చాలు వచ్చేవి. ప్రధాన రచయితగా పనిచేసిన షెర్‌వుడ్ ష్వార్ట్జ్ తదితరులతో కలసి 1961లో రచనకు గాను స్కెల్టన్ ఎమ్మీ పురస్కారం అందుకున్నాడు. ఇంకొక యువ రచయిత జానీ కార్సన్‌కు ఈ కార్యక్రమమే పెద్ద అవకాశమిచ్చింది. 1954 ఆగస్టులో రిహార్సల్‌లో గాయపడి స్కెల్టన్ ప్రసారానికి రాలేకపోగా, చివరి నిమిషంలో కార్సన్ ఆయన స్థానంలో కార్యక్రమం నడిపాడు. తరువాతి కాలంలో కార్సన్ అమెరికన్ టెలివిజన్‌లో అత్యంత ప్రసిద్ధుడైన వ్యాఖ్యాత అయ్యాడు.

రంగుల టెలివిజన్ పట్ల స్కెల్టన్ ముందుచూపు ప్రదర్శించాడు. 1960లో హాలీవుడ్‌లో ఒకప్పుడు చార్లీ చాప్లిన్ నిర్మించుకున్న స్టూడియోను కొని, రంగుల చిత్రీకరణ సామగ్రిని సమకూర్చుకున్నాడు. ఆ ప్రయత్నం వ్యాపారపరంగా నిలవలేదు. 1962లో స్టూడియోను సీబీఎస్‌కు అమ్మివేశాడు. అదే సంవత్సరం కార్యక్రమ నిడివి అరగంట నుండి గంటకు పెరిగి, పేరు "ద రెడ్ స్కెల్టన్ అవర్"గా మారింది. 1965లో ఫ్రాన్సు మూకాభినయ కళాకారుడు మార్సెల్ మార్సో అతిథిగా రాగా, ఇద్దరూ కలసి ఒక ప్రత్యేక ప్రదర్శన ఇచ్చారు. మాటలు దాదాపుగా లేని గంట కార్యక్రమాన్ని వాణిజ్య టెలివిజన్‌లో ప్రసారం చేయడం అప్పట్లో సాహసమే. 1966-67 సంవత్సరంలో స్కెల్టన్ కార్యక్రమం దేశంలో రెండవ స్థానంలో నిలిచింది.

జనవరి 14, 1969 నాటి కార్యక్రమంలో స్కెల్టన్ హాస్యాన్ని పక్కనపెట్టి, అమెరికా జాతీయ పతాక ప్రతిజ్ఞలోని ఒక్కొక్క పదానికి అర్థం వివరించాడు. విన్సెన్స్ పాఠశాలలో తన ఉపాధ్యాయుడు ఆ విధంగా బోధించాడని తెలిపాడు. దాని ప్రతులు కావాలంటూ సీబీఎస్‌కు సుమారు 2,00,000 అభ్యర్థనలు వచ్చాయి. అది గ్రామఫోన్ రికార్డుగా కూడా వెలువడింది.

కుమారుని మరణం

1957 జనవరిలో ఎనిమిదేళ్ళ రిచర్డ్‌కు రక్త క్యాన్సర్ ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. ఆ రోజులలో పిల్లలకు వచ్చే ఈ వ్యాధికి నయమయ్యే చికిత్స లేదు. కొడుకు చూడగలిగినంత లోకాన్ని చూపించాలనే తలంపుతో స్కెల్టన్ కుటుంబం 1957లో విదేశ యాత్రకు బయలుదేరింది. రోమ్‌లో పోప్ పన్నెండవ పయస్‌ను దర్శించుకున్నారు. అయితే బ్రిటన్ పత్రికలు కొన్ని ఈ యాత్రను ప్రచారం కోసం చేస్తున్నదిగా విమర్శించడంతో కుటుంబం యాత్రను మధ్యలోనే ముగించి తిరిగివచ్చింది. తండ్రి కార్యక్రమాన్ని రిచర్డ్ ఇష్టంగా చూసేవాడు. ఈ కాలమంతా స్కెల్టన్ ప్రదర్శనలు కొనసాగించాడు.

మే 10, 1958న, పదవ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు, రిచర్డ్ మరణించాడు. ఆ వారం పాత కార్యక్రమాన్ని పునఃప్రసారం చేసే వీలున్నా స్కెల్టన్ అందుకు అంగీకరించలేదు. ఇతర కళాకారులతో కొత్త ప్రదర్శన జరపవలసిందిగా కోరగా, సినీ, సంగీత రంగాలలోని మిత్రులు ముందుకు వచ్చి ఆ వారం కార్యక్రమాన్ని నిర్వహించారు. కొడుకు గదిని ఆ దంపతులు చాలాకాలం అలాగే ఉంచారు. 1962లో వారు పామ్ స్ప్రింగ్స్‌కు నివాసం మార్చుకున్నారు.

కార్యక్రమం నిలిపివేత

1969-70 సంవత్సరంలో స్కెల్టన్ కార్యక్రమం ప్రేక్షకుల సంఖ్యలో ఏడవ స్థానంలో ఉన్నది. అయినా 1970లో సీబీఎస్ దానిని నిలిపివేసింది. అప్పటికి ప్రకటనదారులు ఎంతమంది చూస్తున్నారన్నది కాక, ఎవరు చూస్తున్నారన్నది లెక్కించడం మొదలుపెట్టారు. స్కెల్టన్ ప్రేక్షకులలో పెద్ద వయసువారు, పల్లెల వారు అధికం. పట్టణాలలో నివసిస్తూ వస్తువులు ఎక్కువగా కొనే యువతరంపై సంస్థ దృష్టి పెట్టింది. ఏటేటా పెరుగుతున్న నిర్మాణ వ్యయం కూడా నిర్ణయానికి తోడ్పడింది. జాకీ గ్లీసన్ కార్యక్రమం సైతం ఆ సంవత్సరమే ఆగిపోయింది. ఎన్‌బీసీ స్కెల్టన్‌ను తిరిగి తీసుకుని అరగంట కార్యక్రమం నడిపినా, అది ఒక్క సంవత్సరమే నిలిచింది. 1971లో ఇరవై ఏళ్ళ ప్రస్థానం ముగిసింది.

ఈ పరిణామం స్కెల్టన్‌ను తీవ్రంగా బాధించింది. తన అధీనంలో ఉన్న కార్యక్రమాల పునఃప్రసారానికి చాలాకాలం అనుమతించలేదు. తన మరణానంతరం వాటిని నాశనం చేయిస్తానని కూడా ఒక దశలో ప్రకటించాడు. అయితే 1983 నాటికి, తన జీవితకాల కృషిని తానే తగులబెట్టబోనని స్పష్టం చేశాడు. మిగిలిన కార్యక్రమాలు తరువాత డీవీడీల రూపంలో వెలువడ్డాయి. పునఃప్రసారాలు లేకపోవడం వలన, సమకాలికులైన ఇతర హాస్యనటులతో పోలిస్తే తరువాతి తరాలకు ఈయన తక్కువగా పరిచయమయ్యాడు.

తరువాతి జీవితం

జార్జియాతో విడాకుల అనంతరం స్కెల్టన్ 1973లో, ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ కుమార్తె లోథియన్ టోలాండ్‌ను వివాహం చేసుకున్నాడు. మే 10, 1976న, రిచర్డ్ మరణించిన తేదీనాడే, జార్జియా ఆత్మహత్య చేసుకున్నది. ఈ వార్తకు కుంగిపోయిన స్కెల్టన్ కొంతకాలం ప్రదర్శనలకు దూరంగా ఉన్నాడు.

టెలివిజన్‌ను వదిలిన తరువాత ఈయన తాను బయలుదేరిన చోటుకే, అంటే ప్రత్యక్ష ప్రేక్షకుల ముందుకే తిరిగి వెళ్ళాడు. కళాశాలలలోనూ, పెద్ద పెద్ద సభామందిరాలలోనూ ఒంటరిగా ప్రదర్శనలు ఇచ్చాడు. 1977లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జరిగిన ప్రదర్శనకు టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. బూతు లేకుండా నవ్వించడమే హాస్యనటుడి ధర్మమని ఈయన బహిరంగంగా చెప్పేవాడు. అయితే సీబీఎస్ రోజులలో కార్యక్రమానికి ముందు జరిగే రిహార్సల్‌లో మాత్రం ఈయన మోటు హాస్యాన్ని వినడానికి స్టూడియో సిబ్బంది గుమిగూడేవారు.

స్కెల్టన్ 1940వ దశకంలో చిత్రలేఖనం ప్రారంభించాడు. 1964లో లాస్ వెగాస్‌లో తొలిసారి తన చిత్రాలను ప్రదర్శించాడు. తైలవర్ణ చిత్రాలకు, వాటి ముద్రిత ప్రతులకు మంచి గిరాకీ ఏర్పడింది. టెలివిజన్ ద్వారా సంపాదించిన దానికన్నా బొమ్మల ద్వారానే ఈయన ఎక్కువ ఆర్జించి ఉంటాడని ఆయన చిత్రాల వ్యాపారి అభిప్రాయపడ్డాడు. కథలు రాయడం, సంగీతం కూర్చడం కూడా ఈయన నిత్యకృత్యాలు.

మరణం

స్కెల్టన్ కాలిఫోర్నియా రాష్ట్రం రాంచో మిరాజ్‌లోని ఆసుపత్రిలో న్యుమోనియా వ్యాధితో సెప్టెంబరు 17, 1997న తన 84వ ఏట మరణించాడు. గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో, కుమారుడు రిచర్డ్ సమాధి సమీపంలో ఈయనను ఖననం చేశారు.

గుర్తింపు, స్మారకాలు

1986లో ఎమ్మీ గవర్నర్స్ పురస్కారం, 1987లో స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ జీవిత సాఫల్య పురస్కారం ఈయనకు లభించాయి. టెలివిజన్ అకాడమీ గౌరవ మందిరంలో స్థానం పొందాడు. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో రేడియో, టెలివిజన్ రంగాలకు గాను రెండు నక్షత్రాలు ఉన్నాయి.

విన్సెన్స్ పట్టణం తన పుత్రుని మరువలేదు. ఆ పట్టణాన్ని ఇల్లినాయిస్ రాష్ట్రంతో కలుపుతూ వాబాష్ నదిపై ఉన్న వంతెనకు ఆయన జీవించి ఉండగానే, 1963లో, ఆయన పేరు పెట్టారు. 2006లో విన్సెన్స్ విశ్వవిద్యాలయంలో రెడ్ స్కెల్టన్ ప్రదర్శన కళల కేంద్రం ప్రారంభమైంది. ఆయన శతజయంతి రోజైన జూలై 18, 2013న అక్కడే అమెరికన్ హాస్య మ్యూజియం ప్రారంభించబడింది. ఆయన ధరించిన దుస్తులు, టోపీలు, గీసిన చిత్రాలు అందులో భద్రపరచబడ్డాయి.